జగోర్స్క్ బడి

చూపు, వినికిడి రెండూ లేనివారిని బధిరాంధులంటారు. ఆ మాట వినగానే మనలో చదువుకున్న ప్రతివారికీ స్ఫురించే పేరు ఒక్కటే, హెలెన్ కెల్లర్. నీటిపంపు కింద ఒక చెయ్యి పెట్టించి, రెండో చేతిలో 'నీరు' అన్న మాటను వేళ్లతో రాసిన అధ్యాపకురాలి కథ మనకు చిన్ననాడే చెవిన పడుతుంది. అది గొప్ప కథ కాదని ఎవరనగలరు? అయితే ఆ కథ చెప్పేవారు ఒక చిన్న విషయం వదిలేస్తారు. ఆ అధ్యాపకురాలి జీతం ఎవరిచ్చారు? 1887లో అలబామాలోని టస్కంబియాకు ఆన్ సలివాన్‌ను రప్పించుకున్నది కెల్లర్ కుటుంబం. తరువాత ధనికులైన మిత్రులు ఆదుకున్నారు. 1913 నుండి ఉక్కు వ్యాపారి కార్నెగీ ఇచ్చిన పింఛను తోడయింది. అదీ చాలక 1920 నుండి 1924 దాకా గురుశిష్యులిద్దరూ వాడెవిల్ నాటకశాలల్లో, గారడీవాళ్ల ఆటల నడుమ, టిక్కెట్టు కొన్న జనం ముందు నిలబడ్డారు. విచిత్రమేమంటే, స్వయంగా సలివాన్ చదువుకు మాత్రం సర్కారు సొమ్మే ఆధారం. టూక్స్‌బరీలోని రాష్ట్ర పేదల ఆశ్రమం నుండి ఆమె 1880లో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధ పాఠశాలకు చేరింది ప్రభుత్వ ఖర్చు మీదనే. దిక్కులేని పిల్లకు రాజ్యం చదువు చెప్పించింది. ఆ పిల్ల పెద్దదై, కలిగినవారింటి బిడ్డకు చదువు చెప్పింది.

నేను చెప్పదలచినది మరొక దేశపు చరిత్ర. అక్కడ బధిరాంధుల చదువుకు మొదటినుండి చివరిదాకా రాజ్యమే పూనుకున్నది. రాజ్యమే దానికి ప్రాణం పోసింది, రాజ్యమే ఒకసారి గొంతు నులిమింది, మళ్లీ అదే రాజ్యం దానిని నెత్తిన పెట్టుకొని ఊరేగించింది. సోవియట్ పుస్తకాలు చౌకగా దొరికిన కాలంలో చదువు నేర్చిన తరం నాది. విశాలాంధ్ర వారి దుకాణాల్లో, ఊరూరా తిరిగే వారి వ్యానులో, నున్నటి కాగితం మీద అచ్చయిన ఆ పుస్తకాలను కొన్నవారికి మాస్కో ప్రగతి ప్రచురణాలయం పేరు పరిచయమే. వారు 1979లో ఇంగ్లీషులో వేసిన అలెక్సాందర్ మెష్చెర్యాకోవ్ పుస్తకమొకటి నా చేతికి వచ్చింది. బధిరాంధ శిశువుల పెంపకం గురించిన శాస్త్రగ్రంథమది. నవలలా చదివించిందంటే అతిశయోక్తి కాదు.

కథ ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో మొదలవుతుంది. పీటర్స్‌బర్గ్‌లో 1909 నాటికే ఇటువంటి పిల్లల కోసం దాతల సంఘమొకటి ఏర్పడి చిన్న ఆశ్రమం నడిపింది గాని, పద్ధతి అని చెప్పదగినది పుట్టింది మాత్రం ఖార్కివ్‌లోనే. ఇవాన్ సొకొల్యాన్‌స్కీ (1889–1960) అనే బధిరుల ఉపాధ్యాయుడు 1923లో అక్కడ బధిరాంధ శిశువులకు ఒక పాఠశాల-చికిత్సాలయం స్థాపించాడు. అంతర్యుద్ధమూ కరువూ దాటి దేశం అప్పుడప్పుడే ఊపిరి పీల్చుకుంటున్నది. రొట్టెకే కటకటగా ఉన్న సమయంలో పట్టుమని పదిమంది పిల్లలు లేని బడికి ప్రభుత్వం ఇల్లూ సిబ్బందీ సమకూర్చటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. కొత్త సమాజం కొత్త మనిషిని తయారుచేయగలదని ఆ దశాబ్దంలో అక్కడివారు నిజంగానే నమ్మారు. ఆ నమ్మకం మంచికీ చెడుకీ కూడా కారణమయింది.

1925లో ఆ బడికి ఓల్గా స్కొరొఖొదొవా అనే బాలిక వచ్చింది. ఖెర్సోన్ ప్రాంతపు పల్లెటూరి పేద రైతుల బిడ్డ. మెదడువాపు సోకి చూపు పోయింది, తరువాత వినికిడి కూడా క్రమంగా ఉడిగింది. తల్లి చనిపోయింది. ఒడెస్సాలోని అంధుల పాఠశాలలో చేర్చారు గాని, అక్కడి పాఠం చెవిన పడని పిల్ల అక్కడ చేసేదేముంది? ఖార్కివ్‌లో ఆమె వేళ్లతో మాట్లాడటం నేర్చింది, పోగొట్టుకుంటున్న మాటను నిలుపుకున్నది, ఉన్నత పాఠశాల పాఠాలు పూర్తిచేసింది. తన అనుభవాలను ఏ రోజుకారోజు రాసిపెట్టటం సొకొల్యాన్‌స్కీ అలవాటు చేశాడు. 'అమ్మ' నవల ద్వారా మన తెలుగువాళ్లకు ఇంటిమనిషైపోయిన గోర్కీ ఆమెతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాడు. 1936లో ఆయన మరణించేదాకా అవి సాగాయి. రాసిపెట్టుకున్న ఆ పుటలే 1947లో పుస్తకంగా వచ్చాయి. తాను చుట్టూ ఉన్న ప్రపంచాన్ని ఎలా గ్రహిస్తున్నదో ఆమె అందులో చెప్పింది. 1954లోనూ 1972లోనూ అది పెరిగి పెరిగి మళ్లీ మళ్లీ అచ్చయింది. స్వయంగా బధిరాంధురాలైన మనిషి మాస్కోలోని వైకల్యశాస్త్ర పరిశోధన సంస్థలో 1948 నుండి జీతం తీసుకుంటూ పరిశోధకురాలిగా పనిచేయటం, 1961లో పరిశోధన పట్టా పొందటం సామాన్యమైన సంగతి కాదు. హెలెన్ కెల్లర్ గురించి వందసార్లు విన్న మనం ఈమె పేరు ఒక్కసారి కూడా వినకపోవటానికి కారణం ఆమె రష్యన్‌లో రాయటమే అనుకుంటాను.

ఆ మధ్యలో జరిగినది చెప్పకుండా దాటితే చరిత్ర కాదు. 1930లలో సొకొల్యాన్‌స్కీని రెండుసార్లు అరెస్టు చేశారు. ఉక్రేనియన్ జాతీయవాది అన్నది అభియోగం. ఆ రోజుల్లో ఆ మాట ఎంతమంది మెడకు ఉరితాడయిందో లెక్కలేదు. ఆయన అదృష్టవంతుడు, 1939లో విడుదలయ్యాడు. ఖార్కివ్‌కు తిరిగి వెళ్లలేదు, మాస్కోలో పరిశోధన సంస్థలో చేరాడు. ఆయన లేని బడి కుంటుతూ నడుస్తుండగానే యుద్ధం వచ్చిపడింది. 1941 అక్టోబరులో ఖార్కివ్ జర్మన్ సేనల వశమయింది. 1943 ఆగస్టులో గాని శాశ్వతంగా విముక్తి పొందలేదు. ఆ రెండేళ్లలో బడి నాశనమయింది, అక్కడి పిల్లల్లో ఎక్కువమంది బతకలేదు. స్కొరొఖొదొవా బతికి బయటపడింది. 1944లో ఆమె మాస్కోకు, గురువు దగ్గరికి చేరింది. బాంబులు పడుతున్న నగరంలో బధిరాంధ శిశువు ఏమి తెలుసుకుంటుంది? నేల అదరటం తెలుస్తుంది, గోడ వణకటం తెలుస్తుంది, రోజూ తన చేతిని పట్టుకునే చెయ్యి రాకపోవటం తెలుస్తుంది. ఇది నా ఊహే. ఆ పిల్లలు రాసిపెట్టిన సాక్ష్యమేదీ నా చదువులో తగలలేదు.

సొకొల్యాన్‌స్కీ దగ్గర 1955లో ఒక యువకుడు చేరాడు, అతడే మెష్చెర్యాకోవ్ (1923–1974). యుద్ధంలో గాయపడి వచ్చినవాడు, ప్రఖ్యాత మనోవిజ్ఞాని లూరియా శిష్యుడు. 1960లో గురువు కన్నుమూశాక ప్రయోగశాల బాధ్యత అతనికి వచ్చింది. 1963లో మాస్కోకు ఈశాన్యంగా డెబ్భై కిలోమీటర్ల దూరంలోని జగోర్స్క్ పట్టణంలో ప్రభుత్వం బధిరాంధ శిశువుల గృహాన్ని తెరిచింది. బంగారు గుమ్మటాల మఠానికి పేరుపొందిన సెర్గియెవ్ పొసాద్ అనే పాత పుణ్యక్షేత్రమే అది. 1930లో ఒక విప్లవకారుడి పేరుమీద జగోర్స్క్ అయింది, 1991లో మళ్లీ పాతపేరు తెచ్చుకున్నది.

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పవలసిన సంగతి ఉంది. పుట్టుకనుండో పసితనం నుండో చూపూ వినికిడీ లేని బిడ్డకు మొట్టమొదట ఏమి నేర్పాలి? అక్షరాలు కాదు, మాటలు కాదు, సైగలు కూడా కాదు. అన్నం తినటం నేర్పాలి. జగోర్స్క్‌కు వచ్చిన పిల్లల్లో కొందరు నాలుగైదేళ్లవాళ్లయినా కూర్చోవటం, నడవటం తెలియనివారు. ఇంట్లో వాళ్ల ప్రేమ తక్కువై అలా కాలేదు, ఎక్కువై అలా అయ్యారు. ఆకలి వేయకముందే నోట్లో ముద్ద, చలి వేయకముందే ఒంటిమీద దుప్పటి. కదలవలసిన అవసరమే లేనప్పుడు కదలిక ఎక్కడినుండి వస్తుంది? చేతిలో ఆటవస్తువు పెడితే వదిలేస్తారు. ఏమిటిదని తడిమి చూసే కుతూహలమైనా సహజంగా ఉంటుందనుకుంటాం గదా, అదీ లేదు. ఆ కుతూహలం కూడా నేర్పితేనే వస్తుందన్నది సొకొల్యాన్‌స్కీ కనిపెట్టిన విషయం. అవసరం తీరే దారిలో వస్తువు అడ్డుపడినప్పుడే బిడ్డ దానిని గుర్తిస్తుంది.

అందుకని చెంచాతో మొదలుపెట్టారు. అధ్యాపకురాలు బిడ్డ వెనుక కూర్చుంటుంది. బిడ్డ పిడికిట్లో చెంచా ఉంచి, ఆ పిడికిలిమీద తన చెయ్యి వేసి, గిన్నెలోనుండి నోటిదాకా తీసుకువెళుతుంది. బిడ్డ గింజుకుంటుంది, చెంచా విసిరేస్తుంది, ఏడుస్తుంది. పదిసార్లు, వందసార్లు అదే పని. ఏదో ఒకనాడు ఆ చిన్నచెయ్యి తనంత తానుగా పిసరంత పైకి లేస్తుంది. అసలు కిటుకంతా ఆ క్షణాన్ని పట్టుకోవటంలో ఉంది. ఆ పిసరు కదలికను పసిగట్టి అధ్యాపకురాలు తన చేతి బలాన్ని అంతే మేరకు తగ్గించాలి. గమనించక తానే లాక్కుపోతే బిడ్డ ఆ కాస్త ప్రయత్నమూ మానుకుంటుంది. తొందరపడి పూర్తిగా వదిలేస్తే చెంచా కిందపడి బిడ్డ నిరుత్సాహపడుతుంది. ఇద్దరూ కలిసి చేసే పనిలో ఒకరి వాటా వెంట్రుకవాసి చొప్పున తగ్గుతూ, మరొకరి వాటా అంతే పెరుగుతూ రావాలి. మెష్చెర్యాకోవ్ దీనికి పెద్దపేరే పెట్టాడు గాని, మన అమ్మలు నడక నేర్పేటప్పుడు చేసేది ఇదే. తేడా ఏమిటంటే, చూసే బిడ్డకు మనం రెండు నెలలు నేర్పితే లోకం మిగతా నేర్పుతుంది. ఈ బిడ్డకు లోకమంటే ఆ ఒక్క చెయ్యే. (చెంచా లేని మన దేశంలో, వేడి అన్నం కలిపి ముద్దచేసే పనిని ఈ పద్ధతిలో నేర్పటం ఇంకా కష్టమా, సుళువా అని నాకు చాలాకాలం సందేహం. అన్నం వేడిని, పప్పు తడిని, ముద్ద గట్టిదనాన్ని వేళ్లే నేరుగా చెబుతాయి గనుక సుళువే కావచ్చు.)

తరువాతిది ఇందులోనుండే పుడుతుంది. చెంచా నోటిదాకా పోయే కదలికను, చెంచా లేకుండా ఉత్త చేతితో చేయిస్తే అది 'తిందాం' అనే సైగ అవుతుంది. పైజామా తొడిగే కదలిక 'బట్టలు వేసుకుందాం' అవుతుంది. పని ముందు, దాని నీడగా సైగ. కొన్నాళ్లకు ఆ సైగ స్థానంలో వేళ్లతో అరచేతిలో రాసే అక్షరాల మాట వస్తుంది. బిడ్డకు అక్షరాలు విడివిడిగా తెలియవు. ఆ మొత్తం కదలిక ఒక సైగగానే తెలుస్తుంది. మాటలు కొన్ని చేరాక అక్షరాలు విడదీయటం, ఆ పైన బ్రెయిలు చుక్కలు, ఆపైన వాక్యాలు. ప్రతి రోజూ తాను చేసిన పని గురించి తానే రాయాలి. బంకమట్టితో బొమ్మలు చేయించటం కూడా చదువులో భాగమే. బిడ్డ మనసులో కుక్క అంటే ఏమిటో మాటల్లో అడిగితే తెలియదు, మట్టిలో తెలుస్తుంది.

ఇంత వివరం రాయటానికి ఒక స్వంత కారణం ఉంది. మా నాయనమ్మకు చివరి మూడేళ్లు చూపు లేదు, చెవి అసలే లేదు. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరు దగ్గరికి వచ్చారో గాజులు తడిమి, మోచేతి మీది మచ్చ తడిమి చెప్పేది. అన్నమో, స్నానమో, చుట్టాలు వచ్చారో చెప్పటానికి మా ఇంట్లో నాలుగైదు తట్లు ఏర్పడ్డాయి: భుజం మీద రెండుసార్లు తడితే భోజనం, అరచేతిలో గుండ్రంగా రాస్తే స్నానం. ఎవరూ నేర్పలేదు, అవసరమే నేర్పింది. కాని ఊళ్లో జరిగే పెళ్లీ పేరంటం, ఎన్నికలు, పంటల ధరలు తట్లతో చెప్పటం ఎవరికి సాధ్యం? ఆవిడ బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్న మనిషి కాదు, కనుక అరచేతిలో అక్షరాలు రాసే దారి కూడా మూసుకుపోయింది. మెష్చెర్యాకోవ్ పుస్తకం చదువుతున్నప్పుడు తట్టుకూ మాటకూ మధ్యనున్న అగాధం ఎంతటిదో నాకు ఆ మూడేళ్ల వెలుగులోనే అర్థమయింది.

జగోర్స్క్ పిల్లల్లో నలుగురు 1971లో మాస్కో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోని మనోవిజ్ఞాన శాఖలో చేరారు: సెర్గేయ్ సిరోత్‌కిన్, యూరి లెర్నెర్, నతాల్యా కొర్నెయెవా, అలెక్సాందర్ సువోరోవ్. 1977లో నలుగురూ పట్టభద్రులయ్యారు. ఉపన్యాసాలను టేపుల్లోకెక్కించి, బ్రెయిలులో టైపు చేయించి ఇచ్చేవారు. చర్చలకు టెలిటాక్టర్ అనే యంత్రముండేది. ఒకరు మామూలు మీటలమీద టైపు చేస్తే, ప్రతి విద్యార్థి వేలి కిందా ఆరు చుక్కల గడి ఒక్కొక్క అక్షరంగా లేచి పడుతుంది. విద్యార్థి తన ముందున్న మీటలు నొక్కి జవాబివ్వవచ్చు. ఒక పుట పాఠానికి ఎంతమంది చేతులు పనిచేయాలో ఊహించండి. చదివి వినిపించేవారు, టైపు చేసేవారు, దిద్దేవారు, చేతిలో రాసి వెంట తిప్పేవారు. వీరందరి జీతభత్యాలూ రాజ్యానివే. విశ్వవిద్యాలయం తరువాత నలుగురికీ మాస్కోలో ఇళ్లిచ్చి మనోవిజ్ఞాన పరిశోధన సంస్థలో ఉద్యోగాలిచ్చారు.

నలుగురి కోసం ఇంత ఖర్చు రాజ్యం ఎందుకు పెట్టింది? దయ ఒక్కటే కారణమంటే నేను నమ్మను. ఇక్కడ ప్రవేశించే మనిషి ఎవాల్డ్ ఇల్యెన్‌కోవ్ (1924–1979), ఆనాటి సోవియట్ తత్త్వవేత్తల్లో బహుశా అత్యంత ప్రతిభావంతుడు. మనిషి మనసు మెదడులో పుట్టుకతో వచ్చేది కాదు, మనుషులతో కలిసి మనుషులు చేసిన వస్తువులతో పనిచేయటంలో రూపొందేది, అన్నది అతని సిద్ధాంతం. దానికి సాక్ష్యం జగోర్స్క్‌లో దొరికిందని అతడు భావించాడు. మామూలు బిడ్డలో మనసు ఎలా పుడుతున్నదో చూడలేం, అంతా ఒక్కసారే, కళ్లు మిరుమిట్లు గొలిపే వేగంతో జరిగిపోతుంది. బధిరాంధ శిశువులో అది నిదానంగా, అంచెలంచెలుగా, అధ్యాపకురాలి చేతుల్లోనే జరుగుతుంది. శూన్యం నుండి మనసు సృష్టించబడుతున్న దృశ్యం! మార్క్స్ సిద్ధాంతానికి ఇంతకన్న చక్కని నిరూపణ ఏముంటుంది? 1975లో మనోవిజ్ఞాన శాఖ విద్వత్సభలో, శాఖాధిపతి లియొంత్యెవ్ ఉండగా, కిక్కిరిసిన సభ ముందు నలుగురు విద్యార్థులూ మాట్లాడారు. తత్త్వశాస్త్ర పత్రికలు దానిని సోవియట్ విజ్ఞానపు ఘనవిజయంగా కీర్తించాయి. ఆ సభలో ఎవరో, చూపూ వినికిడీ లేనివారు ఇంత తెలుసుకోగలిగితే జ్ఞానానికి ఇంద్రియాలే ఆధారమన్న భౌతికవాదం కూలినట్టే గదా అని చీటీ పంపారట. తాము చూడటం లేదనీ వినటం లేదనీ ఎవరన్నారు, మిత్రులందరి కళ్లతో, చెవులతో, మనుషులందరి కళ్లతో తాము చూస్తున్నాం, వింటున్నాం అన్న అర్థం వచ్చేలా సువోరోవ్ బదులిచ్చాడు. నాకు ఆ జవాబు సిద్ధాంతంగా కన్న, ఖర్చుల పద్దుగా నచ్చింది. నిజంగానే అతని ప్రతి వాక్యం వెనుక మరొక మనిషి పనిగంటలున్నాయి.

తత్త్వవేత్తలకు అంధులంటే మొదటినుండీ మక్కువ ఎక్కువ. దిదెరో 1749లో అంధుల గురించి రాసి చెరసాల పాలయ్యాడు. ఆ రచనలన్నింటిలో అంధుడు ఒక ఉదాహరణ. అతడు భోంచేశాడా, చొక్కాకు గుండీలున్నాయా అని అడిగినవారు తక్కువ. ఇల్యెన్‌కోవ్‌ను ఆ గాటన కట్టటం అన్యాయం. అతడు ఆ నలుగురినీ స్వంత పిల్లల్లా చూసుకున్నాడు, వేళ్లలిపి నేర్చుకున్నాడు. 1974లో సువోరోవ్ తీవ్రమైన నిరాశలో, తమవంటివారి జీవితానికి అర్థమేమిటని ఉత్తరం రాస్తే, బధిరాంధత్వం కొత్త సమస్యనేదీ సృష్టించదనీ, మనుషులందరికీ ఉన్న సమస్యలనే పదునుగా చూపుతుందనీ దీర్ఘంగా జవాబు రాశాడు. ఆ ఉత్తరం ఒదార్పు కాదు, సాటిమనిషితో చేసిన వాదన. అందుకే దానికి విలువ. అయినా బహిరంగంగా రాసేటప్పుడు అతనిలోని సిద్ధాంతి స్నేహితుణ్ణి మించిపోయాడు.

ఎందుకంటే, ఆ నలుగురూ పుట్టుకతో బధిరాంధులు కారు. సువోరోవ్‌కు మూడేళ్ల వయసులో చూపు పోయింది, తొమ్మిదేళ్ల ప్రాంతంలో వినికిడి పోయింది. అప్పటికే అతనికి మాతృభాష వచ్చు, గొంతెత్తి మాట్లాడతాడు కూడా. మిగతా ముగ్గురికీ కొంత చూపో కొంత మాటో ఏదో దశలో ఉన్నవే. శూన్యం నుండి మనసును నిర్మించారన్న ప్రకటన వీరి విషయంలో చెల్లదు. ఈ సంగతిని 1980ల చివర తత్త్వవేత్త దవీద్ దుబ్రోవ్‌స్కీ బయటపెట్టి, జగోర్స్క్ ప్రయోగమంతా కల్పితగాథ అని నిలదీశాడు. ఆ విమర్శకుల పక్షాన కలం పట్టినవారిలో నలుగురిలో ఒకడైన సిరోత్‌కిన్ కూడా ఉన్నాడు. సువోరోవ్ ఇల్యెన్‌కోవ్ పక్షాన నిలిచాడు. ఒకే బడిలో, ఒకే తరగతిలో చదివిన ఇద్దరు బధిరాంధ విద్వాంసులు తమ జీవితాల అర్థం గురించి రెండు పక్షాలుగా అచ్చులో వాదించుకున్నారంటే, ఆ బడి ఏమి సాధించిందో వేరే చెప్పనక్కరలేదని నాకనిపిస్తుంది.

నా అభిప్రాయం ఇది. దుబ్రోవ్‌స్కీ చెప్పిన వాస్తవాలు సరైనవే. కాని ఆ విమర్శ తగలవలసింది తత్త్వశాస్త్ర వ్యాసాలకు. మెష్చెర్యాకోవ్ చెంచాకు కాదు. పుట్టు బధిరాంధులైన పిల్లలు అదే గృహంలో ఉన్నారు, వారు విశ్వవిద్యాలయానికి వెళ్లలేదు. తినటం, బట్ట కట్టుకోవటం, అడగటం, చిన్న పని చేయటం నేర్చుకున్నారు. పత్రికలు వారి ఫొటోలు వేయలేదు. రాజ్యం ఇచ్చిన ప్రతి రూబులుకూ ఒక ఘనవిజయం చూపించవలసిన పరిస్థితి వచ్చినప్పుడు నలుగురు ముందుకు వచ్చారు, మిగతావారు వెనక్కి వెళ్లారు. ఇల్యెన్‌కోవ్ 1979లో ఆత్మహత్య చేసుకున్నాడు. మరుసటి ఏడు, 1980లో, సొకొల్యాన్‌స్కీకీ మెష్చెర్యాకోవ్‌కూ సోవియట్ రాజ్య బహుమతి ప్రకటించారు. అప్పటికి ఇద్దరూ లేరు. ఒకప్పుడు తాను జైల్లో పెట్టిన మనిషికి అదే రాజ్యం ఇచ్చిన బహుమతి అది.

ఇంకొక చిన్న వివరం, పైకి గుమాస్తా పనిలా కనిపించేది. జగోర్స్క్ గృహం విద్యాశాఖ కింద లేదు. సాంఘిక సంక్షేమ శాఖ కింద ఉన్నది. సోవియట్ వ్యవస్థలో 'చదువుకు పనికిరారు' అని ముద్ర పడిన పిల్లలను అప్పగించే శాఖ అదే. చదువుకోగల వికలాంగ శిశువులు మాత్రం విద్యాశాఖ బడుల్లో ఉండేవారు. అంటే బధిరాంధుల చదువు సాధ్యమని లోకానికి చాటిన దేశంలోనే, ఆ చదువు జరిగే చోటు కాగితం మీద బడి కాదు, ఆశ్రయం. దీనివల్ల ఒక మేలూ జరిగింది, పద్దెనిమిదేళ్లు నిండాయని ఎవరినీ వెంటనే బయటకు పంపనక్కరలేకపోయింది. సోవియట్ యూనియన్ పోయినా ఆ గృహం పోలేదు. సెర్గియెవ్ పొసాద్‌లో ప్రభుత్వ సంస్థగానే కొనసాగింది. సువోరోవ్ 1996లో మనోవిజ్ఞానంలో అత్యున్నత డాక్టరేటు పొందాడు, కవిత్వం రాశాడు, వికలాంగ బాలల శిబిరాలకు వెళ్లి పిల్లలతో గడిపాడు, 2024లో మరణించాడు.

అమెరికాలో రాజ్యం కదలటానికి సిద్ధాంతం కాదు, ఒక రోగం కారణమయింది. 1964–65లో రుబెల్లా వ్యాపించి సుమారు 20,000 మంది శిశువులు గర్భంలోనే దాని బారినపడి పుట్టారు. వేలాదిమందికి చెవులు పోయాయి, ఎందరికో కళ్లు కూడా. 1968 జనవరిలో బధిరాంధ శిశువులకు ప్రాంతీయ కేంద్రాలు పెట్టే చట్టం వచ్చింది. లెక్క పెద్దదైతేనే పద్దు తెరుచుకుంటుంది కాబోలు.

మన దేశంలో హెలెన్ కెల్లర్ 1955లో పర్యటించింది, నెహ్రూను కలిసింది. ఆమె పేరుతోనే 1977లో ముంబయిలో బెరోజ్ వచ్చా బధిరాంధుల విద్యాసంస్థను ప్రారంభించారు. అది ప్రభుత్వం పెట్టిన బడి కాదు. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను పేర్కొన్నది. అంధత్వం ఉంది, మందచూపు ఉంది, వినికిడి లోపం ఉంది, రెండూ కలిసినది మాత్రం లేదు. గుడ్డివాడిగా నమోదైనవాణ్ణి అంధుల బడికి పంపితే పాఠం వినపడదు; చెవిటివాడిగా నమోదైతే బధిరుల బడిలో సైగలు కనపడవు. ఓల్గాకు ఒడెస్సాలో ఎదురైనదే ఇది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టంలో బహుళ వైకల్యమన్న మాట చేరింది. 2005లో చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాలవారికి కేంద్రప్రభుత్వం జాతీయ సంస్థను స్థాపించింది. చివరికి 2016 చట్టంలో గాని 'బధిరాంధత్వం' అనే మాట పేరుపెట్టి రాయలేదు. ఆరు నుండి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితవిద్య హక్కు ఆ చట్టం ఇచ్చింది, ఉద్యోగాల్లో నాలుగు శాతం కోటాలో వీరినీ చేర్చింది. 2011 జనగణనలో బహుళ వైకల్యం కింద దేశమంతటా 21 లక్షల మంది నమోదయ్యారు గాని, అందులో బధిరాంధులు విడిగా లేరు.

ఇక భాష సంగతి. రష్యన్ వేళ్లలిపి ఒంటిచేతిది, అక్షరానికొక భంగిమ. మనకు యాభైకి పైగా అక్షరాలు, వాటికి గుణింతాలు, ఒత్తులు. ఇదెలా వేళ్లకెక్కుతుందని ఎవరైనా బెంబేలెత్తితే, 1951లో రూపొందిన భారతి బ్రెయిలును చూడమంటాను. అందులో గుణింతపు గుర్తులు లేవు; 'కి' రాయాలంటే క పక్కన ఇ రాస్తారు, 'కు' అంటే క పక్కన ఉ. వరుసగా, చుక్కల గడి తరువాత చుక్కల గడి. అదే వరుసను చుక్కలకు బదులు అరచేతిలో వేళ్లతో రాయటానికి అడ్డమేమీ లేదు. కావలసిందల్లా రాసే చెయ్యి ఒకటి, రోజుకు ఎనిమిది గంటలు, కొన్నేళ్లపాటు. దాని జీతం ఏ శాఖ పద్దులో రాయాలన్నది జగోర్స్క్‌లో 1963లో తేల్చారు. మన జిల్లా కేంద్రాల్లో తల్లులు ఆ సంగతి ఇంకా అడుగుతూనే ఉన్నారు, వైకల్య ధ్రువపత్రం చేతిలో పట్టుకొని.